స్కేలు మీద ఇరవై రెండు

సత్యశ్రీకి ఆ ఉదయం టిఫిను సహించలేదు. ఎలా సహిస్తుంది? ఎనిమిది నెలలు కాళ్లావేళ్లా పడితే, నర్సీపట్నంలో ఆ షెడ్డు ఓనరు లోవరాజు ఫైవ్ యాక్సిస్ మిల్లింగు మెషిను ఆమె చేతికిచ్చాడు. అదీ ఒక్క పనికే. లోహపు ముక్కలోంచి చక్కెర మిల్లు పంపులో తిరిగే రెక్కల చక్రం కొయ్యాలి. పాడుచేస్తే మళ్లీ డ్రిల్లింగు దగ్గరికే పో, జన్మలో ఇటు చూడొద్దని ముందే చెప్పేశాడు.

మామూలు మిల్లింగయితే కోసే టూలు ఎక్కడుందో కంటికే తెలిసిపోతుంది. ఈ మహాతల్లి అలా కాదు. బల్లే పక్కకి వాలుతుంది, గుండ్రంగా తిరుగుతుంది. స్క్రీను మీద అంకెలు మూడు వరసలు. మెషిను లెక్కలో టూలు ఎక్కడుందో ఒకటి, ముక్క లెక్కలో ఎక్కడుందో ఇంకొకటి, ఈ కదలికలో ఇంకా ఎంత దిగాలో మూడోది. ఒకటనుకుని ఇంకొకటి చూశామా, కొంప మునిగిందే.

బల్ల వాలింది, టూలు దిగసాగింది. నేర్చుకున్నట్టే సత్యశ్రీ సగంలో ఆపింది. ఇంకా నలభై మిల్లీమీటర్లు దిగాలంటోంది మూడో వరస. దిగాక టూలు ముక్కకి రెండు మిల్లీమీటర్ల పైన ఆగాలి. అంటే కింద నలభై రెండు ఖాళీ ఉండాలి. తలుపు తీసి స్టీలు స్కేలు పెట్టి చూసింది. ఇరవై రెండే. మళ్లీ పెట్టింది. ఇరవై రెండే.

ఏటి ఆపేసావని వెనక నుంచి లోవరాజు విసుక్కున్నాడు.

"టూలు పొడవు తప్పుందండీ. వదిలేసుంటే ముక్కలోకి దిగిపోయేది."

పొడవు నిన్న సాయంత్రం కొలిచి మెషినులో ఎక్కించింది నువ్వే కదా అన్నాడాయన. నిజమే. అయిపోయింది, ఇక డ్రిల్లింగే గతి అనుకుందామె.

అప్పుడొచ్చాడు సింహాద్రి, చేతులు తుడుచుకుంటూ. ముప్పై ఏళ్లుగా పాత మిల్లింగు మెషిను చేత్తో తిప్పినవాడు.

"నానే మార్సేనండీ. పాతది మొద్దుబారిపోనాదని పొద్దున్నే కొత్తది బిగించేను. పిల్ల మొదటి పని సక్కగా అవ్వాలని."

కొత్తది ఇరవై మిల్లీమీటర్లు పొడుగు. ఆయన మెషిను మీదయితే ఎంత పొడుగున్నా ఒకటే, ముక్కకి తాకించి మొదలెట్టడమే. ఇక్కడ పొడవు మారితే మెషినుకి చెప్పాలని ఆయనకెవరు చెప్పారు పాపం! మేలు చెయ్యబోతే కీడు ఎదురైంది.

ఇంకెప్పుడూ ఈ మెషిను దగ్గరికి రావద్దని లోవరాజు కేకలేశాడు. సింహాద్రి తలొంచుకుని వెనక్కి తిరిగాడు. నోరు మూసుకుంటే సత్యశ్రీ చోటు ఆమెకి పదిలం. ఆ సంగతి ఆమెకీ తెలుసు. అయినా ఆగలేకపోయింది.

"ఆయన ఉంటేనే సేస్తానండీ. నాకు బయ్యంగా ఉంది."

లోవరాజు ఏదో గొణుక్కుంటూ పక్కకి తప్పుకున్నాడు. ఆమె కొత్త టూలు పొడవు కొలిచి ఎక్కించింది. మళ్లీ దించి సగంలో ఆపింది. స్క్రీను మీద నలభై. స్కేలు సింహాద్రి చేతికిచ్చింది. ఆయన వంగి చాలాసేపు చూశాడు.

"నలబై రెండమ్మా."

ఆమె వేలు మీట మీదికి వెళ్లి ఆగిపోయింది.

"మరోపాలి సూడు బాబాయ్."

సింహాద్రి చిన్నబుచ్చుకోలేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వంగాడు.