కుట్టని వల

అక్క చూస్తుండగానే, రెండో దెబ్బకు తమ్ముడి మణికట్టు విరిగిన చప్పుడు రేవంతా వినపడింది. ఇద్దరు అతణ్ణి పడవ అంచుకు అదిమిపట్టారు. మూడోవాడు తెడ్డు మళ్లీ ఎత్తాడు.

"వల కోసిన చెయ్యి ఇదేగా?" అన్నాడు ఏటిలో చేపల వేలం పాడుకున్న పాటదారు, నోట్లోంచి సిగరెట్టు తీయకుండానే.

"ఆ చెయ్యే." తమ్ముడు రక్తం ఉమ్మాడు. "ఎడమది కూడా ఉంది, చూస్కో."

మూడో దెబ్బ పడింది.

సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదే వెండిచేప పదేళ్లలో కరువైపోయింది. ఒకప్పుడు ఒక్కో పోటుకు పడవ నిండేది. నిరుడు రేవు మొత్తానికి పదకొండు దొరికాయి. అందుకే చేప గుడ్లు పెట్టేదాకా పట్టకూడదని జాలర్లంతా కూడబలుక్కుని నలభై రోజులుగా వలలు ఒడ్డునే ఆరేసుకున్నారు. పస్తులుండి, వంతులవారీగా ఏటికి కాపలా కాస్తున్నారు. ఈ ఉదయం పాటదారు మనుషులు ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు సన్నకన్ను వల కట్టేశారు. కాపలా వంతు తమ్ముడిది. కత్తి పట్టుకుని దూకి దాన్ని నడిమికి చీల్చాడు.

ఆ వలను ఇప్పుడే నీళ్లలోంచి లాగి అతని అక్క ముందు పడేశారు. వలలు బాగుచేసే పని ఆమెది.

"అల్లికక్కా, సాయంత్రం పోటుకు ఇది ఏట్లో ఉండాలి. కుట్టు."

చినిగిన వల ముందుకొస్తే ఎవరిదని అడగకూడదు, కాదనకూడదు. అల్లికవాళ్ల కట్టుబాటది. "సూదికి పగ ఉండకూడదే" అంటూ ఆమెకు పని నేర్పింది, ఇప్పుడు పక్కనే కూర్చున్న మేనత్త. వెనక తమ్ముడు మూలుగుతున్నా అక్క చేయి అలవాటు కొద్దీ సూది అందుకుంది. తెగిన వల కళ్లు నాలుగు ముడివేసింది.

అయిదో కన్నులో ఒక చేప తల ఇరుక్కుని ఉంది. మొప్పలు ఇంకా ఆడుతున్నాయి. తాడు నొక్కిన చోట పొట్టలోంచి గుడ్లు గసగసాల్లా కారుతున్నాయి. అంత పెద్ద సముద్రంలో దీనికి ఈ ఏటి దారి గుర్తుండేలా చేసినవాడు దేవుడు. ఆ దారికి అడ్డం కట్టే వలను కుట్టడం ఏం ధర్మమో ఆమెకు బోధపడలేదు.

చేపను విడిపించి నీళ్లలో వదిలింది. అది ఒక్కసారి వెల్లకిలా తిరిగి, మునిగింది. ఆమె తాను వేసిన నాలుగు ముడులూ విప్పేసింది.

"కుట్టను."

పాటదారు ఆమె జుట్టు పట్టి ముఖాన్ని వలకేసి కొట్టాడు.

"కుట్టను బాబూ. చంపుతావా? నీ వలలు కుట్టేవాళ్లలో ఒకరు తగ్గుతారు, అంతే."

అతడు వలను ఈడ్చుకెళ్లి మేనత్త ఒళ్లో కుక్కాడు. "నువ్వు కుట్టవే ముసలీ!"

ముసలామె వలను తడిమి చూసింది. పొద్దున్నే కళ్లద్దాలు లేకుండా సూదికి దారం ఎక్కించిన మనిషి.

"చూపు ఆనడం లేదు నాయనా."

"ఈ తెడ్డు ఆనుతోందా?"

"ఆఁ, అది ఆనుతోంది. నువ్వూ బాగానే ఆనుతున్నావు."

తెడ్డు పైకి లేచింది. పోటు మొదలై, ఏట్లో నీరు అప్పటికే సముద్రం వైపు నుంచి ఎదురు తిరుగుతోంది.