కూతకు తెచ్చుకున్న అల్లుడు

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఎవరెవరు ఉన్నారంటే, నాయన ఆంజనేయులు, అమ్మ చెంచమ్మ, మంచం దిగలేని అవ్వ వెంకటరత్నమ్మ, లోపలి గదిలో అక్క యామిని, పొయ్యి దగ్గర చెల్లెలు వందన. వీళ్లు ఇంటివాళ్లు. వసారాలో కుర్చీ వేయించుకుని కూర్చున్న నాగేశ్వర్లు శెట్టి, ఆయన పక్కనే స్తంభానికి ఆనుకుని నరసింహం మామ, ఇక అరుగు మీద, మెట్ల మీద, వాకిట్లో నీళ్ల డ్రమ్ము చుట్టూ ఊళ్లో కబడ్డీ పిచ్చి ఉన్న మగవాళ్లందరూ పైవాళ్లు. చావు జరిగిన ఇంటికి కూడా అంతమంది ఒక్కసారిగా రారు. రాని మనిషి ఒక్కడే. ఎవరి గురించి వాళ్లంతా వచ్చారో ఆ నరేష్.

ముందురోజు మార్కాపురంలో ఊరి జట్టు ఫైనల్లో ఓడిపోయింది. ఓడిపోవడం ఆ ఊరికి కొత్తేమీ కాదు. ఏటా ఓడిపోయి, ట్రాక్టరు ట్రాలీలో నిలబడి, రిఫరీని తిట్టుకుంటూ బేస్తవారిపేట దాకా వచ్చేసరికి సగం కోపం తగ్గి, టీ తాగి మిగతా సగం కూడా అక్కడే వదిలేసి ఇల్లు చేరేవాళ్లు. ఈసారి మాత్రం టీ కోసం ట్రాక్టరు ఆపలేదట. ఈసారి ఓడిపోతామని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే ఈసారి నరేష్ ఉన్నాడు.

కనిగిరి అవతల పల్లె అతనిది. ఆ నాలుగు తాలూకాల్లో అతని కూతకు ఎదురు లేదని పేరు. ఏటా వాళ్ల ఊరితోనే తలపడాల్సి వస్తోంది గనుక అతన్నే తెచ్చుకుంటే పోతుందని నాగేశ్వర్లు శెట్టికి తోచింది. శెట్టికి బేస్తవారిపేటలో ఎరువుల దుకాణం ఉంది, ఊరి జట్టుకు బనియన్లూ బూట్లూ ఆయనే కొనిపెడతాడు. అయితే ఆటగాడిని ఊరికే తెచ్చుకోవడానికి లేదు. పోటీలో దిగేవాడు ఆ ఊరివాడై ఉండాలి. ఊరివాడంటే ఆ ఊళ్లో పుట్టినవాడు, లేదంటే ఆ ఊరికి అల్లుడు, అదీ కాకపోతే మేనల్లుడు. ఎక్కడెక్కడి వాళ్లనో దింపుకుని ఊళ్లు కొట్టుకుంటుంటే పోటీ పెద్దలు ఆ కట్టు పెట్టారు. తాంబూలాలు మార్చుకున్నా చాలు, అల్లుడి కిందే లెక్క.

అందుకని శెట్టి పెళ్లికెదిగిన ఆడపిల్లలున్న ఇళ్లన్నీ మనసులో తిరిగి చూసుకుని, చివరికి ఆంజనేయులు గడపలోకి వచ్చాడు. ఆయన సరైన ఇంటికే వచ్చాడు. నాయన కూడా ఒకప్పుడు కూతకు పోయినవాడే. ఇప్పటికీ కంది చేలో నిలబడి ఎవరైనా కబడ్డీ మాట ఎత్తితే పని ఆగిపోతుంది. యామిని గిద్దలూరులో డిగ్రీ ముగించి ఇంటికి వచ్చి ఉంది. పిల్లవాడికి పొలం ఉంది, చెడ్డ అలవాట్లు లేవు, కులం ఒకటే. ఇన్ని కలిశాక యామినిని అడగడం ఎవరికీ గుర్తు రాలేదు.

అవతలి ఊరివాళ్లు మాత్రం తమ మనిషిని ఉత్తినే వదల్లేదు. ఈ ఊరి రవితేజకు ఆ ఊరు మేనమామ ఊరు. పట్టు పట్టడంలో అతని తర్వాతే ఎవరైనా. వాణ్ని మాకు ఇవ్వండి అన్నారు. శెట్టి సరేనన్నాడు. పైగా నరేష్‌కు ఊరు ఊరంతా చందాలేసుకుని కొత్త మోటారు సైకిలు కొనిపెట్టారు. మాఘమాసంలో తాంబూలాలు అయ్యాయి. ఆ రోజు పిల్లలు వీధిలో టపాసులు కాల్చారు, పెళ్లికి కాదు, ఫైనల్‌కు.

ఆ ఫైనల్లో నరేష్ మొదటి కూతకు పోయి ఒకణ్ని తాకి వచ్చాడు. రెండో కూతలో గీత దాటి లోపలికి పోయాడో లేదో, మోకాలు పట్టుకుని ఉన్నచోటే కూలబడ్డాడు. అతన్ని అప్పటికి ఎవరూ తాకనే లేదు. అవతలి జట్టులోంచి ఒకడు మెల్లగా నడిచి వచ్చి, వంగి, అతని భుజం మీద చేయి వేశాడు. చేయి వేసినవాడు రవితేజ.

వసారాలో ఇప్పుడు అదే నడుస్తోంది. చెప్పినవాడే మళ్లీ చెబుతున్నాడు. మన చేత్తో మనమే కొట్టుకున్నామని ఒకడు, చేతిలో ఉన్నదాన్ని ఇచ్చి చచ్చినదాన్ని తెచ్చుకున్నామని ఇంకొకడు. రవితేజ ఆ తర్వాత మన వాళ్లను ఎంతమందిని పట్టాడో వేళ్లు మడిచి చెప్పాడు యాకోబు. ఇన్నేళ్లూ రవితేజ చేయి పట్టుకుని పక్కన ఆడినవాడు అతను. నిన్న అదే చేతికి రెండుసార్లు చిక్కాడు. ఆట అయ్యాక రవితేజ వచ్చి పలకరించబోతే తనే ముఖం తిప్పుకున్నానని చెప్పాడు. ఆ మాట చెప్పాక యాకోబు మడిచిన వేళ్లు విప్పడం మరిచిపోయాడు, ఎవరూ పట్టించుకోలేదు.

"పెండ్లిలో అల్లుడి కాళ్లు కడుగుతారు గదా. మనం తాంబూలాలప్పుడే కడిగి చూసుకోవాల్సింది, మోకాలు ఉందో లేదో," అని మెట్ల మీదినుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. మోటారు సైకిలు ఎట్లా తోలుతాడో, కిక్కు కొట్టాలంటే కాలు కావాలి గదా అని ఇంకొకరు. దానికి సెల్ఫ్ స్టార్టు ఉందిలే, మనవాళ్లు అన్నీ చూసే కొనిపెట్టినారు అని మరొకరు. నాయన తలెత్తలేదు. తువ్వాలు అంచును చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం.

వందన టీ గ్లాసులు సర్దుతూ వింటోంది. పదో తరగతి పిల్ల. బడిలో సారు లేపి అడిగితే తెలిసిన జవాబు కూడా నోట్లోంచి రాదు. మగవాళ్లున్న చోటికి గ్లాసుల పళ్లెం తీసుకుపోవడమే ఆమెకు పెద్ద పని. అయినా ఒక సంగతి మాత్రం ఆమెకు పదే పదే తగులుతోంది. ఇంతసేపు రవితేజను పోగొట్టుకున్నామన్నారు, బండి పోయిందన్నారు, ఊరి పరువు పోయిందన్నారు. అక్క పేరు ఒక్కరూ ఎత్తలేదు.

అక్క తాంబూలాల రోజు రాత్రి దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చింది. పక్కనే ఉన్న వందన ఆ ఏడుపు తనకు అర్థమైందనుకుంది. ఇష్టం లేని మనిషికి, అదీ ఒక ఆట కోసం, అడగకుండా ఇస్తుంటే ఎవరైనా ఏడుస్తారు. ఏమైందని అడిగే ధైర్యం లేక, తనకూ ఏడుపొచ్చి, అటు తిరిగి పడుకుంది.

శెట్టి గొంతు సవరించుకున్నాడు. మాటలన్నీ ఆగాయి.

"అరిస్తే రవితేజ వెనక్కి వస్తాడా? నేను చెప్పేది వినండి," అన్నాడు. "నిన్న ఆటలో తగిలిన దెబ్బకు మనం తాంబూలాలు వెనక్కి ఇచ్చినామంటే తప్పుడోళ్లం మనమే అవుతాం. అట్ల కాకుండా, దెబ్బ ముందే ఉండి, వాళ్లు దాచిపెట్టి మనకు అంటగట్టినారంటే, తప్పు వాళ్లది. అప్పుడు సంబంధం రద్దు. రవితేజను పంపాల్సిందే, బండి ఇయ్యాల్సిందే. నరేష్ వాళ్ల నాయన నిన్ననే తగిలిందంటున్నాడు. ముందే ఉందని చెప్పేటోళ్లు మన దగ్గర ఎవరున్నారు?"

నరసింహం మామ జట్టుకు ఆట నేర్పేవాడు, అమ్మకు అన్న వరస. నిన్నటి దాకా నరేష్ తమతో సాధన చేయలేదని, దూరమని చెప్పి రాలేదని, అప్పుడే అనుమానం రావాల్సిందని ఆయన గొణిగాడు. అనుమానం సాక్ష్యం కాదన్నాడు శెట్టి. ఎవరైనా చూసి ఉండాలి.

"బావా, తాంబూలాలకు వచ్చి పూటంతా మీ ఇంట్లోనే ఉన్నాడు గదా. మీరేమన్నా చూసినారా?" అని నాయనను అడిగాడు నరసింహం మామ.

నాయన చూడలేదు. ఆ రోజు ఆయన నరేష్ పక్కన కూర్చుని ఫొటోలు దిగడంలోనే ఉన్నాడు. అమ్మ గడప అవతల నిలబడి, నేనేం చూస్తా అన్నయ్యా, వంటలో ఉంటిని అంది.

వందన అమ్మ వైపు చూసింది. ఆ రోజు భోజనాల వరసలో నరేష్ ఒక కాలు మడవలేక పక్కకు చాపుకుని కూర్చోవడం, తర్వాత పెరట్లో గోడ చాటున నిలబడి ఫ్రిజ్ లోంచి తెచ్చుకున్న నీళ్ల సీసాను మోకాలికి అదిమి పెట్టుకోవడం చూసింది తనే. చూసి అమ్మకు చెప్పింది కూడా. దూరం నుంచి బండి మీద వచ్చినాడు, కాళ్లు పట్టి ఉంటాయిలే, ఊరికే వాగబాకు అని అమ్మ గరిటె తిప్పుతూనే అంది. ఇప్పుడు అమ్మ కళ్లు దించుకుంది.

చెబితే సంబంధం పోతుంది. అక్క ఏడుపు ఆగిపోతుంది. తాంబూలాలతో పక్కన పెట్టిన బి.ఎడ్. ప్రవేశ పరీక్షకు మళ్లీ చదువుకుంటుంది. ఇంతమంది మగవాళ్లకు కావలసిందీ, అక్కకు కావలసిందీ ఒకటే అయిన రోజు మళ్లీ రాదు. పళ్లెం పట్టుకుని ఆమె వసారాలోకి వచ్చింది.

"నేను చూసినా," అంది.

ఎవరికీ వినపడలేదు. నాయనకు మాత్రం వినపడింది.

"ఏం చూసినావు?"

చెప్పింది. నేల వైపు చూస్తూ, మాటలు మింగుతూ, కాలు చాపుకోవడం, గోడ చాటు, సీసా, అన్నీ చెప్పింది. చెప్పడం అయ్యాక వాకిట్లో వాళ్లు కూడా లేచి వసారాలోకి తొంగి చూస్తున్నారు. ఆమెను అంతమంది ఒకేసారి చూడడం అదే మొదలు. శెట్టి కుర్చీలోంచి లేచి ఆమె తల మీద చేయి పెట్టాడు.

"పాప నోట వచ్చింది చాలు. చిన్నపిల్ల, అబద్ధం చెప్పాల్సిన పని లేదు," అన్నాడు. అక్కడే ఫోన్ తీసి కలిపాడు. అవతల నరేష్ నాయన ఏదో బతిమాలడం వినపడింది. శెట్టి వినలేదు. తాంబూలాలు రద్దు, మధ్యవర్తులతో వస్తాం, పిల్లోణ్ని సిద్ధం చేసుకోండి అన్నాడు. పిల్లోడంటే రవితేజ.

ముఖాలన్నీ తేటపడ్డాయి. ఓడిపోయినవాళ్లలా లేరు. టీలు తాగారు, చక్కెర తక్కువైందన్నారు. అప్పుడే ఒకడు, ఆళ్లగడ్డ వైపు ఒక కుర్రవాడు ఉన్నాడని, నరేష్ కంటే బాగా కూతకు పోతాడని, ఈసారి మోకాళ్లు డాక్టరుకు చూపించే మాట్లాడుకుందామని అన్నాడు. మళ్లీ నవ్వులు.

"చూద్దాం. పెద్దపాప ఎట్లా ఖాళీయే గదా," అన్నాడు శెట్టి.

నాయన ఆ మాటకు కోపగించుకుంటాడని వందన ఎదురుచూసింది. నాయన తువ్వాలు భుజాన వేసుకుని, ఆ కుర్రవాడిది ఏ ఊరని అడిగాడు.

ఖాళీ గ్లాసుల పళ్లెం అక్కడే వదిలేసి ఆమె లోపలి గది దగ్గరికి పోయింది. తలుపు సగం తెరిచి ఉంది. యామిని నేల మీద కూర్చుని ఉంది, ఒళ్లో ఫోను వెలుగుతూ ఆరిపోతూ. వసారాలో అన్న ప్రతి మాటా ఆ గదిలోకి వస్తుందని వందనకు అప్పుడు తోచింది.

"పోయిందక్కా. సంబంధం పోయింది," అంది.

"విన్నా."

"నేనే చెప్పినా."

"అదీ విన్నా." యామిని లేచి తలుపు దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎందుకు చెప్పినావు?"

"నీకు ఇష్టం లేదు గదా. ఆ రోజు ఏడ్చినావు గదా."

యామిని చెల్లెలి ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు, అది ఉన్నా బాగుండేది.

"ఆ రోజు సాయంత్రం ఆయన ఫోన్ చేసినాడు. కాలు బాగాలేదు, ఒక్క ఈ ఆట ఆడి మానేస్తా, ఊళ్లోవాళ్లు వదలడం లేదు, కాలు ఎప్పటికీ ఇట్లనే ఉండొచ్చు అన్నాడు. నీకు ఇష్టమేనా అని అడిగినాడు. కాదంటే నేనే వద్దన్నానని చెప్పుకుంటాలే, నీ మీద మాట రానియ్యను అన్నాడు. ఈ ఇంట్లో నన్ను అట్ల అడిగినోళ్లు ఒక్కరున్నారా? నువ్వన్నా అడిగినావా?"

వందన గుమ్మం మీద చేయి వేసింది.

"ఇష్టమే అని చెప్పినా. చెప్పి, ఆ కాలితో ఆయన్ను మన ఊరోళ్లు ఆడిస్తారే అని ఏడ్చినా."

వసారాలో శెట్టి ఎవరికో ఫోన్లో ఆళ్లగడ్డ కుర్రవాడి బరువు అడుగుతున్నాడు.

"నేను పోయి నాయనకు చెప్తా. నేను సరిగ్గా చూడలేదని చెప్తా. ఇప్పుడే చెప్తా అక్కా."

"నువ్వు చూసింది నిజమే గదా. ఇంక వాళ్లకు నీతో పని లేదులే," అంది యామిని. వందన గుమ్మం మీద పెట్టిన చేతిని మెల్లగా పట్టుకుని పక్కకు తీసి, తలుపు వేసుకుంది.