పెరట్లో చెక్క అరుగు

బకెట్లో గుడ్డ ముంచి, మోకాళ్ల మీద కూర్చుని ఆమె అరుగు తుడుస్తోంది. తుడుస్తోందంటే శుభ్రం చేస్తోందని కాదు. గోడవైపు పలకల సందుల్లోకి నీళ్లు పిండుతోంది. చెక్క తడిసి నల్లబడితే పాచి పట్టినట్టు కనిపిస్తుంది. ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్లకు ఆ మాత్రం కనిపిస్తే చాలు.

"ఆ మూల ఇంకాస్త పొయ్యవే," అన్నాడు చక్రాల కుర్చీలోంచి ఆమె మొగుడు. "పిల్లి పోసినట్టుంది. ఏనుగు పోసినట్టుండాలి."

"నోరు ముయ్యవయ్యా. బ్రోకరు వచ్చే వేళయింది."

"రానీ. వాడి నెత్తిన కూడా ఓ చెంబు పోద్దాం."

ఆమె నవ్వలేదు. ఆమె నవ్వకపోతే ఆయనకు మరీ హుషారు.

ఇల్లు వాళ్లది కాదు. యజమాని ఇంకో ఊళ్లో ఉంటాడు. అమ్ముడయ్యేదాకా కాపలా ఉండమని వీళ్లకు వెనకగది ఇచ్చాడు. జీతం లేదు, అద్దె లేదు. రోజూ ఊడవాలి, కిటికీలు తెరవాలి, మూయాలి, ఎవరైనా వస్తే తాళాలు తీసి చూపించాలి. నడుముకు తాళాల గుత్తి దోపుకుని తిరుగుతుందని బ్రోకరు ఆమెను తాళాలమ్మ అంటాడు. అసలు పేరు అడగాలని అతనికి ఎప్పుడూ తోచలేదు.

మొగుడు పెయింటరు. ఊళ్లో సగం గోడలకు ఆయన చెయ్యి తగిలింది. ఓ రోజు నిచ్చెన జారింది, ఆయన దానితోపాటు జారాడు. అప్పట్నుంచి నడుము కింద స్పర్శ లేదు. కింద సగం ఊరుకున్నందుకు పై సగం, అందులోనూ నోరు, రెండింతలు పనిచేస్తోంది. ఆ కుర్చీతో వాళ్లు అద్దె గదుల కోసం తిరగని వీధి లేదు. ఇంటివాళ్లు ముందు చక్రాలు చూస్తారు, తరవాత మనిషి మొహం చూస్తారు, ఆ తరవాత మా చుట్టాలు దిగుతున్నారమ్మా అంటారు. ఈ వెనకగది పోతే వాళ్లకు ఇంకో గది లేదు. అది ఇద్దరికీ తెలుసు. కాబట్టి ఆ మాట ఎత్తరు.

ఇల్లు చాలాకాలం అమ్ముడుపోలేదు. ఆ పుణ్యం పెరటిది. ముందుగదులు చూసి మురిసిపోయినవాళ్లు వెనక తలుపు తీయగానే ఆగిపోయేవాళ్లు. నిటారు మెట్లు, కింద బురద, పిచ్చిమొక్కలు. పెయింటరు తనవంతు సాయం చేసేవాడు. ఒకాయనతో, "మేడమీద రాత్రిళ్లు ఎవరో నడుస్తుంటారండీ, మాకు అలవాటైపోయింది లెండి," అన్నాడు. ఆ ఇంటికి మేడే లేదు. ఆ సంగతి ఆ వచ్చినాయనకు వీధి చివరికి పరిగెత్తాక గానీ తట్టలేదు.

చివరికి బ్రోకరు యజమానికి ఉపాయం చెప్పాడు. "వెనక గడప ఎత్తున చెక్క అరుగు వేయించండి సార్. డెక్ అంటారు. నాలుగు కుండీలు పెట్టిస్తే చాలు. పెరడంటే ఖాళీ జాగా. అరుగు పడితే అది ఇంకో గది. గదికి గది రేటే పలుకుతుంది."

వడ్రంగులు దిగారు. కొట్టిన ప్రతి మేకూ ఆమెకు గుండెల్లో దిగినట్టే ఉండేది. కానీ పని పూర్తయిన రోజు ఒకటి జరిగింది. పలకలు గడపతో సమంగా వచ్చాయి. కుర్చీ ఇలా తోస్తే అలా బయటికి పోయింది. పడిపోయిన నాటినుంచి ఆయన కిటికీలో పట్టినంత ఆకాశమే చూశాడు. ఇప్పుడు తల వెనక్కి వాల్చి మొత్తం చూశాడు. చాలాసేపు ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు. ఆమెకు భయమేసింది.

"ఏమే," అన్నాడు ఆఖరికి, "మనచేత ఇల్లు ఖాళీ చేయించడానికి ఇంత మంచి అరుగు వేస్తారనుకోలేదు."

ఆనాటినుంచి పొద్దున్నించి పొద్దుపోయేదాకా అక్కడే. ఇంటిని అమ్మేయడానికి వేసిన అరుగే ఆయనకు ప్రాణం లేచొచ్చేట్టు చేసింది. ఆమె దాన్ని తిట్టుకుంటూ తుడుస్తుంది, తుడుస్తూ తిట్టుకుంటుంది.

ఇవాళ వచ్చేవాళ్లు రెండోసారి వస్తున్నారు. రెండోసారి వచ్చారంటే కొనేవాళ్లే. బ్రోకరు ఫోన్‌లో గట్టిగా చెప్పాడు. "మీ ఆయన్ని సామాన్ల గదిలోకి తోసెయ్యి తాళాలమ్మా. రోగిష్టి మనిషి కంటబడితే ధర పడిపోతుంది. ఆయన నోరు గానీ లేచిందా, ఇద్దరూ రేపే బయట."

"పద, లోపలికి," అందామె కుర్చీ పట్టుకుని.

"నేను కదలను. విను. వాళ్లు అరుగు మీదికి రాగానే నువ్వు దగ్గు. నేనందుకుంటాను. జన్మంతా చెక్కలకు రంగులేసినవాణ్ణి బాబూ, దీని లోపల చెద ఉంది, అంటాను. పెయింటరు చెబితే ఎవడు కాదంటాడు?"

"నిన్నట్నుంచి ఏమీ తినలేదు. ఆ చెమటలేంటి? మొహం చూడు ఎలా ఉందో."

"భుజం పట్టేసింది, అంతే." ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గొంతులో వేళాకోళం లేదు. "ఇంకో గది దొరకదే మనకి."

గంట మోగింది. ఆమె దుప్పటి ఆయన కాళ్ల మీదికి లాగి, తలుపు తీయడానికి వెళ్లింది.

వచ్చింది ముగ్గురు. మొగుడు, పెళ్లాం, గొడుగును చేతికర్రలా ఆనించుకుంటూ మొగుడి తల్లి. కొనేవాడు కనిపించిన గోడనల్లా వేలితో కొట్టి చూస్తున్నాడు. బ్రోకరు గదులన్నీ గబగబా దాటించి వెనక తలుపు తీశాడు. కుర్చీ చూసి అతని మొహం మాడిపోయింది.

"కాపలా మనిషండీ," అన్నాడు. "ఇల్లు అమ్మగానే వెళ్లిపోతారు. అరుగు చూడండి సార్. ఇంకో గది వచ్చినట్టే కదా."

"గదికి కప్పుంటుంది," అన్నాడు కొనేవాడు. "ఇది ఏటా నూనె పట్టించకపోతే కుళ్లిపోతుంది. మీరు దీనికి అదనంగా కట్టిన రేటు నేనెందుకివ్వాలి?" వంగి తడిపలక మీద వేలు రాశాడు. "ఇదిగో, అప్పుడే పాచి."

అతని పెళ్లాం మొహం చిట్లించింది. "మావాళ్లింట్లో వేయించుకుని రెండేళ్లకు పీకించేశారు. ఇదీ తీసేయాలంటే మళ్లీ మాకే ఖర్చు."

తాళాలమ్మకు ఆశ పుట్టింది. ఇదే అదను. దగ్గింది.

పెయింటరు పలకలేదు.

మళ్లీ దగ్గింది, ఈసారి గట్టిగా. బ్రోకరు కళ్లెర్రజేశాడు. కుర్చీలో తల ఒక పక్కకు వాల్చి, నోరు కొద్దిగా తెరిచి, ఆయన నిద్ర నటిస్తున్నాడు. నటన ఎక్కువైంది. ఈ మనిషికి ఎక్కడ ఆపాలో ఎప్పుడూ తెలియదు.

"జలుబా అమ్మా?" అంది కొనే ఆవిడ.

"ఆఁ." కుర్చీ దగ్గరికి వెళ్లి వంగింది. "ఏమయ్యా, లే. పెద్దవాళ్లొచ్చారు," అని చేతి మీద చెయ్యేసింది.

చెయ్యి తీయలేదు. తెరిచిన నోటి దగ్గరికి చెంప ఆనించినంత దగ్గరగా వంగింది. ఊపిరి లేదు.

"లేపకమ్మా, లేపకు," అంది పెద్దావిడ వెనకనుంచి. "ఎంత హాయిగా పడుకున్నాడో. మొహాన ఎండ పడుతోంది, చూడు." గొడుగు విప్పి, పిడిని కుర్చీ చేతికి తగిలించి, నీడ మొహం మీద పడేట్టు సర్దింది. కొడుకు వైపు తిరిగింది. "మీ నాన్న మంచాన పడ్డాక గోడే చూస్తూ పోయాడు. గాలికి తీసుకెళ్లరా అనేవాడు, గుర్తుందా? ఆ మెట్లు దించలేకపోయాం."

కొడుకు వేలికంటిన తడి తుడుచుకున్నాడు.

"రేపు నేనైనా ఇలాగే కూర్చోవాలిగా," అంది ఆవిడ.

"సరేలేమ్మా." అతను బ్రోకరు వైపు చూడకుండానే అన్నాడు. "అరుగుతో కలిపే మాట్లాడండి."

తాళాలమ్మ వాళ్లవైపు తిరిగింది. ఒక్క మాట చాలు. నా మొగుడు ఇప్పుడే పోయాడండీ అంటే చెప్పులు కూడా తొడుక్కోకుండా పారిపోతారు. ఈ ఇంట్లో ఇలా జరిగిందని తెలిస్తే ఇంకెవ్వరూ గేటు తీయరు. వెనకగది ఆమెదే. ఆయనకు ఈ సంగతి తెలిస్తే చెప్పవే, చెప్పవే అని పోరేవాడు. ఇంతకంటే పెద్ద వేళాకోళం ఆయన జన్మలో చేయలేదు.

నోరు తెరిచింది. ఆ గది తను ఎవరికోసం కాపాడుకుంటూ వచ్చిందో ఆ మనిషి దుప్పటి మోకాళ్ల మీంచి జారిపోయి ఉంది. వంగి, పైకి లాగి, అంచులు కాళ్ల కిందికి దోపింది.

"రాత్రంతా నిద్ర లేదండీ," అంది. "కాసేపు పడుకోనివ్వండి."

వాళ్లు మెల్లగా, చప్పుడు కాకుండా నడిచి వెళ్లారు. బ్రోకరు గేటు దగ్గర ఆగి చేతులు రుద్దుకున్నాడు. "బేరం కుదిరినట్టే తాళాలమ్మా. మీ ఆయన ఇవాళ పెద్దమనిషిలా ఉన్నాడే. ఒక్క మాట మాట్లాడలేదు."

"అవును," అందామె.

వీధి తలుపుకు తాళం వేసింది. కిటికీలు మూసింది, రోజూ మూసినట్టే. వెనక్కి వచ్చి తడిపలకల మీద, కుర్చీ చక్రానికి ఆనుకుని కూర్చుంది. ఏడుపు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

పెద్దావిడ గొడుగు మరిచిపోయింది. గాలి వీచినప్పుడల్లా అది కుర్చీ చేతిమీద కొంచెం తిరుగుతోంది. నీడ ఆయన మొహం మీంచి జరిగి, పలకల మీదికి పోయి, మళ్లీ మొహం మీదికి వస్తోంది.