ఆరడుగుల తొవ్వ

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా మొగుడు జ్ఞానేశ్వర్ హార్డ్‌వేర్ దుకాణానికి అన్నం డబ్బా మోసుకుపోవడం పదకొండేళ్లుగా అరుణజ్యోతి పని. ఇంటినుంచి మొయినాబాద్ చౌరస్తాకి పావుగంట నడక. దారి పొడవునా ఎలాగోలా రోడ్డు పక్కగానే వెళ్లేది కానీ, సరిగ్గా మొగుడి దుకాణం ముందుకొచ్చేసరికి చేవెళ్ల రోడ్డు మీదికి దిగక తప్పేది కాదు. నీళ్ల ట్యాంకులు, పైపుల కట్టలు తారు అంచుదాకా పేర్చి ఉండేవి.

కిందటేడు వానల్లో ఆ ట్యాంకుల్ని చుట్టి వెళ్తుంటే ట్రాలీ ఆటో తగిలి ఆమె భుజం విరిగింది. దవాఖానలో జ్ఞానేశ్వర్ అడిగిన మొదటి మాట, "డబ్బా ఏమాయె?" చూడటానికి వచ్చినవాళ్లందరికీ అత్త జంగమ్మ చెప్పింది, "దిక్కులు చూసుకుంట నడుస్తది." చెయ్యి లేవకపోయినా రొట్టెలు చేయడం తప్పని ఆ మూడు నెలలూ అరుణజ్యోతి ఆ రెండు మాటల్నీ మరిచిపోలేదు. మరిచిపోవాలనీ అనుకోలేదు. ఒంటిచేత్తో పిండి పిసుకుతూ వాటిని లోపల్లోపలే నూరుకుంది.

ఈ ఏడు బడిపిల్లలకూ ముసలివాళ్లకూ నడిచే తావు కావాలని మహిళా సంఘం సారమ్మ నలుగురినీ కూడగట్టింది. తారు అంచునుంచి మీరే కొలిచి సున్నం గీత గీయండి, గీత లోపలున్నవి మేం తీయిస్తామన్నారు మున్సిపల్ ఆఫీసువాళ్లు. ఆరడుగుల దారి.

"టేపు ఎవలు పడ్తరు?" అంది సారమ్మ.

"నేను పడ్త. మా దుకాణం కాడికెల్లే షురూ చేద్దాం," అంది అరుణజ్యోతి.

కొలతల రోజు పొద్దున, టేపుతో దుకాణం ముందుకొచ్చిన ఆమెను చూసి జ్ఞానేశ్వర్ ముందు నవ్వాడు. తర్వాత పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "జర వదులుగ పట్టు. మన దుకాణమే గదా."

మన. పదకొండేళ్లలో ఆ మాట వినడం ఆమెకదే మొదటిసారి.

"గట్టిగ గుంజు, పద్మక్కా," అంది అవతలి కొస పట్టుకున్న పద్మమ్మతో.

ఆరడుగుల కొలత ట్యాంకులు దాటి, పైపులు దాటి, అతను కొత్తగా కట్టించిన మెట్ల మీదికి వచ్చింది. అరుణజ్యోతి వంగి, మెట్టు మీదుగా సున్నం పోసింది. తొందరపడలేదు. పిల్లల కోసమేనని సారమ్మ అందరికీ చెబుతోంది. నిజమే కావచ్చు. ఈ ఒక్క గీత మాత్రం తన భుజం కోసం. అది ఎంత తియ్యగా ఉందో తనదగ్గర తాను దాచుకోలేదు.

పదిరోజులకు మిషన్ వచ్చి మెట్లు పగలగొట్టింది. బజారంతా చూస్తుండగా జ్ఞానేశ్వర్ ఆమెకి ఎదురొచ్చాడు.

"నలుగుర్ల నా ఇజ్జత్ తీసినవ్. ఇయ్యాల ఇంటికెట్ల వస్తవో చూస్త."

"నడుసుకుంట వస్త," అంది అరుణజ్యోతి. "గా ఇంట్ల నాతోని ఎట్ల ఉంటవో నువ్వే ఆలోచన జేస్కో."