ఐలేశ్ పేరు మీద హాజరు

ఐలేశ్ గోదావరిలో పోయిన ఎనభై ఎనిమిదో రోజు పొద్దున ఆరు గంటలకు హాజరు పలికాడు. పలికించింది భిక్షపతి.

జనగామ బస్టాండు వెనుక భిక్షపతికి ఒక రేకుల షెడ్డుంది. కాలిపోయిన పొలం మోటార్లు తెచ్చి పడేస్తారు, రాగి తీగ చుట్టి బాగుచేసి ఇస్తాడు. పన్నెండేళ్ల కింద ఎవరినీ అడగకుండా, ఫోన్లో చూసి చూసి నేర్చుకుని, ‘గాలం గుంపు’ అని ఒక వెబ్‌సైటు పెట్టాడు. గాలంతో చేపలు పట్టే పిచ్చి ఉన్నవాళ్లంతా అందులో చేరారు. ఇప్పుడు మూడు వేల మంది.

గుంపులో మెట్లున్నాయి, అన్నీ చేపల పేర్లే. కొత్తగా వచ్చినవాడు పరక. వంద రాతలు రాస్తే జెల్ల. ఐదు వందలకు బొచ్చె, వెయ్యికి కొర్రమట్ట. ఐదు వేలు దాటితే వాలుగ. వాలుగలు మొత్తం గుంపులో నలుగురే. బయట ఎవడెంత పెద్దవాడైనా అక్కడ పరక పరకే. ఒకసారి ఒక తహసీల్దారు చేరి, చేరిన రోజే అందరికీ సలహాలు మొదలుపెట్టాడు. ఐలేశ్ ఊరుకోలేదు. "సారూ, నువ్వింక పరకవు. జర నాలుగు దినాలు నీళ్లు తాగు, పెరిగినంక మాట్లాడుదువు" అని రాశాడు. తహసీల్దారే నవ్వి ఒప్పుకున్నాడు. భూపాలపల్లిలో బొగ్గు బాయి దిగే ఐలేశ్ ఒక తహసీల్దారుతో అట్లా మాట్లాడగలిగే చోటు ఇంకెక్కడుంది? భిక్షపతి పన్నెండేళ్లు ఆ గుంపును మోసింది అందుకే. చేపల కోసం కాదు.

రోజూ పొద్దున ఆరింటికి హాజరు. మబ్బు, గాలి, నీళ్లు ఎట్లున్నాయో ఒక్క ముక్క రాయాలి. మొదటి కట్టుబాటు, చూడని నీళ్లు రాయొద్దు. రెండోది ఐలేశ్ పట్టుబట్టి పెట్టించింది. తొంభై రోజులు పలకకపోతే ఎంతటివాడైనా మళ్లీ పరక. "పెద్ద కుర్సీ ఎక్కి పండుకునేటోళ్లు ఆఫీసుల్ల ఉన్నరు, సాలు. మన గుంపుల వద్దు" అన్నాడు.

ఆ ఐలేశ్ పోయిన ఆగస్టులో మహదేవపూర్ దగ్గర గోదారికి వెళ్లాడు. ఒడ్డున బండి దొరికింది, చెప్పులు దొరికాయి, మూత తీయని టిఫిన్ దొరికింది. మనిషి దొరకలేదు. ఎనిమిది రోజులు వెతికారు. వరద మీదున్న నది ఎవరికి జవాబు చెప్తుంది? భార్య వసంత మాత్రం ఒక్కటే మాట పట్టుకుంది. పీనుగను చూపించండి, అప్పుడు ఏడుస్తానంది.

గుంపును భిక్షపతితో పాటు చూసుకునేది మహబూబాబాద్ దర్జీ యాసిన్. ఎనభై ఏడో రోజు ఇద్దరూ ఫోన్లో తర్జనభర్జన పడ్డారు.

"అందరికీ చెప్పేద్దాం యాసిన్."

"పీనుగ దొరకంది సావు కబురు ఎట్ల పెడతమన్నా? వదినె మొకం సూసినవా నువ్వు?"

"పెట్టకపోతే ఎల్లుండి దాటంగనే పరక అయితడు."

"ఐలేశన్న పరకా? తోబా తోబా! రూలు తీసెయ్."

"ఆ రూలు పెట్టిందే వాడు. వాని రూలు వానికోసం తీసేస్తే వాడు ఊకుంటడా?"

ఊకుంటడా అన్నాడు, ఊకుంటుండెనా అనలేదు.

ఐలేశ్ ఫోను పాడైనప్పుడు ఇచ్చిన పాస్‌వర్డ్ భిక్షపతి దగ్గరుంది. సోమ, బుధ, శుక్రవారాలు భిక్షపతి, మిగతా రోజులు యాసిన్ అని పంచుకున్నారు. దొంగతనమే. కానీ దొంగతనంలోనూ మొదటి కట్టుబాటు తప్పలేదు మహానుభావులు. ఒకరు జనగామ చెరువు చూసి రాశారు, ఒకరు మహబూబాబాద్ చెరువు చూసి రాశారు. ఐలేశ్ పేరు కింద అబద్ధపు నీళ్లు రాయడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.

మొదట్లో ఒక్క ముక్క రాసి దులుపుకునేవాళ్లు. తర్వాత ఎవరో వెక్కిరిస్తే ఐలేశ్ జవాబిచ్చాడు. ఐలేశ్ లాగే ఇచ్చాడు, ఆ ఎత్తిపొడుపుతోనే. రాసింది తనే అయినా భిక్షపతి అది చదివి నవ్వాడు, నవ్వుతుండగానే వెన్ను జివ్వుమంది. పాత రాతలేవీ తిరగేయనక్కర లేకుండానే ఆ మాటలు వేళ్లలోకి వస్తున్నాయి. బాయి దిగినవాళ్లకుండే పొడి దగ్గు ఐలేశ్‌కు ఉండేది. ఆ దగ్గు రాసేటప్పుడు భిక్షపతికీ వచ్చేది, ఫోను జేబులో పెడితే పోయేది.

జనవరిలో ఒక సోమవారం షెడ్డు తెరిచి గుంపు చూస్తే ఐలేశ్ హాజరు ఇట్లా ఉంది: ‘నీళ్లు మస్తు సల్లగున్నయ్. ఎవ్వలు రాకుర్రి.’

యాసిన్‌కు ఫోన్ చేశాడు. "ఏందిరా గిది? గిట్ల రాస్తరా?"

"సోమారం నీదే కదన్నా. నువ్వే రాసినవనుకున్న. నాకు సుత బయమైంది."

వెబ్‌సైటు నడిపేవాడికి ఏ రాత ఎక్కడినుంచి వచ్చిందో కనిపిస్తుంది. భిక్షపతి వెతికాడు. అది తన ఫోను నుంచే వచ్చింది, ఆరు గంటల నాలుగు నిమిషాలకు. ఆ పూట చెరువు కట్ట మీద నిలబడ్డది గుర్తుంది. రాసింది గుర్తు లేదు.

అప్పుడే ఆపాల్సింది. ఆపలేదు. ఐదు వేలకు ఇంక కొన్నే రాతలున్నాయి. మార్చిలో ఐలేశ్ వాలుగ అయ్యాడు. మూడు వందల మంది శుభాకాంక్షలు రాశారు. వాళ్లలో ఒక అమాయకుడు ములుగు నుంచి నేరుగా ఇంటికే ఫోన్ చేశాడట.

మే నెల. మిట్ట మధ్యాహ్నం వసంత షెడ్డులోకి వచ్చింది. చేతిలో స్కూలు పిల్లల నోటు పుస్తకం. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అన్నా, మీ తమ్ముడు బతికే ఉన్నడు. నీకెరికేనా?"

భిక్షపతి చేతిలో తీగ చుట్ట ఆగిపోయింది.

"ములుగాయన ఫోన్ చేసి చెప్పిండు, ఐలేశన్న వాలుగ అయిండు అక్కా అని. నలబై దినాల సంది రోజూ సదువుతున్న. ఒక దినం రాసిండు, రైలు కూతకు బొచ్చెలు లోతుకు పోయినయని. మా భూపాలపల్లిల రైలేడిదన్నా? రైలున్న ఊర్లె ఉన్నడు. వాన పడ్డదంటడు, ఆ దినం యాడ పడ్డదో పేపర్ల సూసి రాసుకున్న. సోమారం, బుధారం, శుక్రారం జనగామల ఉంటడు. కడమ దినాలు మానుకోటల ఉంటడు."

మానుకోట అంటే మహబూబాబాదే. నోటు పుస్తకం తెరిచి చూపించింది. తారీఖు, వారం, మబ్బు, ఊరు. గీతలు కొట్టి, తప్పు లేకుండా.

"మానుకోటకు నాలుగుసార్లు పోయిన. చెరువు కట్ట మీద పొద్దున్నుంచి నిలబడ్డ. ఎవరో దర్జీ ఆయన సైకిలు దిగి ఫోను సూస్కుంట నిలబడ్డడు గని, మీ తమ్ముడైతె రాలె. అత్త కట్టమ్మ దినాలు చేద్దమంటది. బతికున్నోనికి దినాలేందని కొట్లాడిన. ఎందుకు దాక్కున్నడో నాకద్దు. నువ్వు గుంపు నడిపెటోనివి, యాడికెల్లి రాస్తుండో నీకు కనవడ్తది కదా. ఒక్కసారి సూసి చెప్పు."

చెప్పకపోతే ఈ మనిషి బతికినన్నాళ్లు కట్టల మీద నిలబడుతుంది. చెప్తే మొగుణ్ణి రెండోసారి చంపినవాడవుతాడు. భిక్షపతికి దగ్గొచ్చింది, పొడి దగ్గు. ఫోను జేబులోనే ఉంది. ఐనా వచ్చింది.

వసంత తలెత్తి చూసింది. ఆ దగ్గు ఆమెకు తెలుసు.

"గీడికెల్లే రాస్తుండు చెల్లె" అన్నాడు. "సోమారం, బుధారం, శుక్రారం నేను. కడమ దినాలు యాసిన్. నువ్వు కట్ట మీద సూసిన దర్జీ ఆయనే."

ఆమెకు వెంటనే ఎక్కలేదు. ఎక్కినాక నోటు పుస్తకం మూసింది.

"ఎందుకు?"

"పరక కావద్దని."

"ఏంది కావద్దని?"

మూడు వేల మందికి ప్రాణమైన మాట ఆ షెడ్డులో పైకి అంటుంటే ఎంత చిన్నగా ఉందో భిక్షపతికి అప్పుడు వినపడింది. ఉన్నదంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఎవ్వలు రాకుర్రి అని రాసింది సుత నువ్వేనా?"

"నా ఫోన్లకెల్లే పోయింది. రాసినట్టు మాత్రం ఎరుక లేదు."

"గది ఆయన మాటే" అంది వసంత. "గదొక్కటి."

తర్వాత గొంతు మారింది. "సచ్చినోని నోట్లె ఏడు నెల్లు మాటలు పెట్టిన్రు గదా. నేను కట్టల పొంటి తిరిగిన గదా. ఇప్పుడు ఆయన పేరు మీద నీళ్లు సుత మీరే ఇడువాలె. ఇద్దరు రావాలె. ముందుగాల మీ గుంపుల గీ సంగతి రాయి, నేను సూడంగ రాయి. ఆయన పేరుతోని కాదు, నీ పేరుతోని."

ఆమె ముందే రాశాడు. పన్నెండేళ్లలో భిక్షపతిని ఎవరూ అనని మాటలన్నీ సాయంత్రానికి అన్నారు.

ఆదివారం మహదేవపూర్ రేవులో కట్టమ్మ, వసంత, అయ్యగారు. ఈ ఇద్దరు.

"నేను సుత ఇడువాల్నా వదినే? మాదాంట్ల గిట్ల..." యాసిన్ నసిగాడు.

"రాసేటప్పుడు అడిగినవా మీదాంట్ల ఉన్నదో లేదో?" అంది వసంత.

యాసిన్ ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాడు. ఎండాకాలపు గోదారి మోకాళ్ల లోతు కూడా లేదు. మండే ఎండలో నీళ్లు మాత్రం కాళ్లు కొరికేంత చల్లగా ఉన్నాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

దోసిట్లో నువ్వులు వేసి, నీళ్లు పోసి, పేరు చెప్పమన్నాడు అయ్యగారు. ఏడు నెలలు ఆ పేరు వేళ్లతో కొట్టిన భిక్షపతికి అది నోటితో రాలేదు.

"చెప్పన్నా" అంది ఒడ్డు మీంచి వసంత. "అందరికి ఇనవడాలె."

"ఐలేశ్" అన్నాడు భిక్షపతి. యాసిన్ అన్నాడు. మూడుసార్లు అనిపించాడు అయ్యగారు. మూడోసారి నీళ్లు జారిపోయాక కట్టమ్మ శోకం అందుకుంది. వసంత అత్త పక్కన ఇసుకలో కూలబడి, తొమ్మిది నెలలకు, నోరు తెరిచి ఏడ్చింది.