ఎవరు ఎక్కువ వంగారు

అరుణజ్యోతిది ధర్మవరంలో మగ్గాలున్న వీధి. ఫిజియోథెరపీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. పరిశోధన కోసం ఆమె ఎక్కడికీ వెళ్లనక్కర్లేకపోయింది. పొద్దస్తమానం గుంత మగ్గంలో కాళ్లు దించుకుని పట్టుచీరలు నేసేవాళ్ల నడుములు ఏమవుతాయో ఇంట్లో నాయనను చూస్తేనే తెలుస్తుంది. చీట్లు వేసి వీధిలోని నేతగాళ్లను రెండు గుంపులు చేసింది. మొదటి గుంపు రోజూ పొద్దున్నే ఆమె మిద్దెమీదికి వచ్చి వ్యాయామం చేయాలి. రెండో గుంపుకు మగ్గం ముందు ఎలా కూర్చోవాలో మాత్రం చెప్పింది. మొదట్లో ఒకసారి, కొన్ని వారాలు గడిచాక మరోసారి అందరినీ ముందుకు వంగమని, వేళ్ల కొసలకూ నేలకూ మధ్య ఎంత దూరముందో టేపుతో కొలిచింది.

తీరా చూస్తే రెండు గుంపులూ మునుపటికంటే బాగానే వంగుతున్నాయి. ఏ గుంపుకు ఆ గుంపు విడివిడిగా స్టాటిస్టిక్స్ టెస్టు చేస్తే రెండూ మారినట్టే వచ్చింది. అలాగైతే వ్యాయామం వల్ల అదనంగా ఒరిగిందేమిటో అరుణజ్యోతికి అర్థం కాలేదు. ఆమె గైడు బదరీనారాయణ సారు, సోమవారం వచ్చేటప్పుడు ఏ టెస్టు వాడాలో, అదే ఎందుకో ఆలోచించుకుని రమ్మన్నాడు.

ఆదివారం స్నేహితురాలు శశిని పిలిపించుకుంది. శశి అనంతపురంలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చదువుతోంది. అరుణజ్యోతి వాళ్లమ్మ పెట్టిన ఉగ్గాని తింటూనే లాప్‌టాప్ చూసి అడిగింది.

"నీకు తెలియాల్సింది ఏందే? మారినారా లేదా అనా, ఎవురు ఎక్కువ మారినారనా?"

"ఎవురు ఎక్కువ మారినారనే."

"మరి ఏ గుంపును దాంతోనే పోలిస్తే ఎట్ల తెలుస్తాది? ఒక్కొక్కరు ఎంత మారినారో లెక్క తీయి. ఆ తేడాలు పట్టుకొని ఈ గుంపును ఆ గుంపుతో పోల్చు."

అరుణజ్యోతి నుదురు కొట్టుకుంది. తర్వాత నవ్వు మొదలైంది, ఆగలేదు. ఇన్నాళ్లూ నిద్ర చెడగొట్టుకున్నది ఈ తీసివేత కోసమా అని పొట్ట పట్టుకుని నవ్వింది.

తీసివేతలు చేస్తే ఇంకో చిక్కు వచ్చింది. మొదటి గుంపులో ఎదురింటి కుళ్ళాయప్ప అందరికంటే ఎంతో ముందున్నాడు. మొదటిసారి మోకాళ్ల దాకా కూడా వంగనివాడు ఇప్పుడు అరచేతులు నేలకు ఆనిస్తున్నాడు. ఆయన ఒక్కడే గుంపు సగటును పైకి లాగేస్తున్నాడు. ఆయన్నే పిలిచి అడిగారు. కుళ్ళాయప్ప నేల చూపులు చూశాడు.

"ఆ పొద్దు పంచె వదులుగా కట్టుకోనుంటి, పాపా. ఆడోళ్లంతా ఉండారు. జారిపోతాదేమోనని సగంలోనే నిలిచిపోతి. మొన్న బెల్టు పెట్టుకొని వచ్చినా."

ఆయన వెళ్లేదాకా ఇద్దరూ ఎలాగో పెదవులు బిగబట్టుకున్నారు. తర్వాత నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. కుళ్ళాయప్పను లెక్కలోంచి తీసేద్దామంది అరుణజ్యోతి. శశి ఒప్పుకోలేదు. సగటులను పోల్చే టీ టెస్టు బదులు ర్యాంకులను పోల్చేది వాడదామంది. అందులో ఎవరు ఎవరికంటే ముందున్నారన్నదే లెక్క, ఎంత దూరం ముందున్నారన్నది కాదు. కుళ్ళాయప్ప ఎంత వంగినా మొదటివాడే, అంతకుమించి ఏమీ కాలేడు.

ఆ వరుసను కళ్లతో చూడాలని అరుణజ్యోతికి పిచ్చి పట్టింది. సాయంత్రం వీధిలోకి అందరినీ పిలిచింది. మొదటి గుంపువాళ్ల చేతికి ఎర్ర పట్టుదారం, రెండో గుంపువాళ్లకు పచ్చది కట్టి, ఎక్కువ మారినవాళ్లు ముందు ఉండేలా నిలబెట్టింది. వీధి మొత్తం తిరునాళ్లలా అయిపోయింది. వెనకబడ్డవాళ్లు మళ్లీ కొలవమని అక్కడికక్కడే వంగి చూపించారు. కుళ్ళాయప్ప బెల్టు సర్దుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు. ముందు వైపు ఎర్రదారాలు, వెనక పచ్చదారాలు, మధ్యలో కలగలుపు.

కానీ కుళ్ళాయప్ప వెనకాలే ఒక పచ్చదారం ఉంది. పక్కింటి ఆంజినమ్మ.

"మా మిద్దెమీంచి మీరు చేసేదంతా కనిపిస్తాది గదమ్మా. ఊరికే చూస్తా ఉంటే ఏమొస్తాదని నేనూ చేసినా," అందామె.

వీధంతా గొల్లుమంది. ఆమెకు ఎర్రదారం కట్టబోయిన అరుణజ్యోతి చెయ్యి పట్టుకుని ఆపింది శశి. చీటీలో ఏ గుంపు వచ్చిందో లెక్కలో ఆ గుంపేనంది.

ఇద్దరూ మెట్లు రెండేసి ఎక్కి పైకి పరుగెత్తారు. ర్యాంకుల టెస్టు చేస్తే, అంత తేడా కేవలం కాకతాళీయంగా రావడం అరుదేనని తేలింది. ఆంజినమ్మ పచ్చగుంపులోనే ఉండి కూడా అది నిలిచింది. అరుణజ్యోతి శశిని పట్టుకుని కళ్లు తిరిగేదాకా గిరగిరా తిప్పింది.

మర్నాడు బదరీనారాయణ సారు అంతా విన్నాడు. టీ టెస్టు ఎందుకు వద్దనుకున్నావని అడిగాడు. సగటు గురించి గంభీరంగా మొదలుపెట్టిన అరుణజ్యోతి పంచె దగ్గరికి వచ్చేసరికి తట్టుకోలేకపోయింది. ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, భుజాలు కదిలేలా నవ్వాడు. ఆంజినమ్మ సంగతి దాచకుండా రాయమని చెప్పి సంతకం పెట్టాడు.