పట్టుబడి అయినాక

పొద్దుటి మేత చల్లుతూ రొయ్యల గుంట గట్టున జీవానందం నిలబడే కునికాడు. చేతిలో తట్ట ఒరిగి మేత గట్టుమీద రాలింది. ఉలిక్కిపడి అటూ ఇటూ చూశాడు. ఎవరూ గమనించలేదు. రాలినదాన్ని కాలితో నీళ్లలోకి నెట్టేశాడు.

నలభై ఆరేళ్ల మనిషి. పొట్టి మెడ, దానికి రెండు మడతలు, ఉప్పునీటికి పాలిపోయిన పాదాలు. తోటపల్లి గూడూరు అవతల ఆ గుంటలకు పదకొండేళ్లుగా అతనే కాపలా. రాత్రంతా మేలుకుని, పొద్దున మేత చల్లి, మధ్యాహ్నం ఇంటికిపోయి పడుకుంటాడు. కరెంటు పోయి, నీళ్లను చిలికే ఏరియేటర్ ఆగితే చాలు, ఎంత మగతలో ఉన్నా జనరేటర్ దగ్గరికి పరుగెత్తుతాడు. గాలి అందకపోతే రొయ్య బతకదు.

అతని నిద్ర సంగతి భార్య ఎలిశబెతుకే తెలుసు. ఇల్లంతా మోగే గురక ఉన్నట్టుండి తెగిపోయేది. ఆమె మనసులో అంకెలు లెక్కపెట్టేది. పది దాటితే కాలితో అతని వీపును తోసేది. నీళ్లలో మునిగి తేలినవాడిలా అతను గాలి మింగి, మళ్లీ గురక అందుకునేవాడు.

నిద్రలో ఊపిరి ఆగిపోతోందని నెల్లూరు డాక్టరు చెప్పాడు. ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకుంటే పరీక్ష చేస్తామన్నాడు. వదిలేస్తే గుండెకు ప్రమాదమన్నాడు.

"రొయ్యల పట్టుబడి అయినాక పోదాంలే," అన్నాడు జీవానందం బయటికి రాగానే. "ఈ మాట గుంటల కాడ అనబాక మే. నిద్ర జబ్బోడిని కాపలాకి ఎవురు పెట్టుకుంటారు?"

ఆమె ఎవరితోనూ అనలేదు. ఆ తర్వాత రెండు పట్టుబడులు అయిపోయాయి.

రేపు మూడోది. వలలవాళ్లు ముందురోజే దిగారు. పని ఉంటుందని అతను ఆ మధ్యాహ్నం ఇంటికి పోకుండా మేత బస్తాల షెడ్డులోనే వెల్లకిలా వాలాడు.

"మన జీవానందన్న జనరేటర్ ఏసినాడ్రా," అన్నాడు మస్తాన్, బయట వల సర్దుతూ. "డీజిల్ కూడా అక్కర్లే."

"ముక్కులో గుడ్డ కుక్కితే పోలా?" అన్నాడు పక్కనున్న చిన్నపోలయ్య.

"వద్దులేప్పా, రాత్రంతా మేలుకున్నాడు. అట్టా గురకపెట్టి నిద్రపోవాలంటే రాసిపెట్టుండాల."

కొంతసేపటికి గురక ఆగింది.

"కరెంటొచ్చినట్టుండాది," అన్నాడు మస్తాన్. అందరూ నవ్వారు. తర్వాత అతని నిద్ర చెడుతుందని గొంతులు తగ్గించారు. చిన్నపోలయ్య లేచి వెళ్లి, చప్పుడు కాకుండా షెడ్డు తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

మూడింటికి ఎలిశబెతు అన్నం తెచ్చింది.

"ఇప్పుడు లేపబాక అక్కా. అన్నకి మంచి నిద్ర పట్టింది, శబ్దమే లేదు," అన్నాడు మస్తాన్.

"శబ్దం ఆగి ఎంతసేపైంది?"

"గంటన్నర అయ్యుంటది. ఏందక్కా?"

ఆమె తలుపు తోసుకుని వెళ్లింది. భర్త పక్కన కూర్చుని భుజం పట్టి కదిపింది. మళ్లీ కదిపింది. ఈసారి అంకెలు లెక్కపెట్టలేదు.

మస్తాన్ గడపలోనే నిలబడిపోయాడు.

"ఆగినప్పుడు కదిలించాలయ్యా," అంది ఆమె, మెల్లగా. "నేను మీకు చెప్పలేదు."

మర్నాడు పట్టుబడి ఆగలేదు. లారీలు వచ్చాయి, ఐసు వచ్చింది, గుంట ఖాళీ అయింది. సాయంత్రానికి గట్టు చివర, రాత్రిళ్లు అతను కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ ఒక్కటే మిగిలింది. ఆనుకుంటే నిద్రపడుతుందని, దాని వీపుభాగాన్ని అతనే ఎప్పుడో రంపంతో మొదలంటా కోసేశాడు.